కుడి మణికట్టు

తిరుపతి గాంధీరోడ్డులో స్టీలు అంగడి ముందర
గిన్నెల మీద పేర్లు కొట్టేది నా పని.
మిషను లేదు. ఉలి, చిన్న సుత్తి, నా మణికట్టు.
పోటుకొక చుక్క, చుక్కలు కలిస్తే అక్షరం.
ఒకసారి చెంగల్రాయుడిలో రావత్తు మరిచిపోయి
ఆ బిందె ఖరీదు నేనే కట్టుకున్నా.
మా ఇంట్లో నీళ్లు ఇప్పటికీ
చెంగలాయుడి బిందెలోనే.

పోయిన మాఘంలో ఆటో పల్టీ కొట్టింది.
చెయ్యి వాచి, వేళ్లు నావి కాకుండా పోయినాయి.
పుత్తూరుకు పో, అన్నారు చూసినవాళ్లంతా.
నగిరి బస్సులో, ఒళ్లో చంటిబిడ్డను పెట్టుకున్నట్టు
చేతిని పెట్టుకొని పోయినా.

కట్లు కట్టే కుప్పయ్య ఇంటి వసారా.
నూరిన ఆకు, గుడ్డుసొన, వెదురు దబ్బల వాసన.
చింతచెట్టు మీంచి పడిన పిల్లోడు,
ఎద్దు కుమ్మిన రైతు,
తుంటి జారిన ఒక జేజి.
బెంచీ మీద అందరూ ఒకే గోడను చూస్తా ఉండారు.

గోడకొక పటం.
అద్దం మూల పగిలింది,
చెమ్మ తాగి కాగితం టీ మరకయింది.
బట్టల్లేని ఒక మగోడు,
వీపు మనవైపు, మెడ వంచి,
నక్షత్రాలున్న పెద్ద గుండును భుజాల మీద మోస్తా.
కాళ్లకాడ సింహం తోలు, ఒక గద.
అద్దం మీద ఎవరో కుంకుమబొట్టు పెట్టినారు.
భీముడు నాయనా, అని జేజి దండం పెట్టింది.
భీముడికి గోచీ ఏదీ, అన్నాడు పిల్లోడు
నొప్పిలో కూడా.

కుప్పయ్య ఆకు నూరతానే చెప్పినాడు:
"మా తాత కాలంలో పాండిచ్చేరి దొరొకడు
కాలు విరిగి వచ్చి, డబ్బులొద్దంటే ఇది ఇచ్చిపోయె.
గ్రీకుల వీరుడంట, హెర్క్యులీస్.
ఆకాశం మోసేవోడు కాసేపు పక్కకు పోతానంటే
ఈయన భుజమిచ్చినాడంట.
కత సంగతి నాకేం తెలుసు? భుజం సంగతి అడుగు.
ఎడమది ఒకసారి జారి కూర్చున్న భుజం, ఆ గుంట చూడు.
ఇన్ని కండలు ఏ మనిషికీ ఉండవు, గీసినాయన ఆశపడినాడు.
ఎముక కాడ మాత్రం అబద్ధమాడలా."

నేను వీరుణ్ణి చూళ్లేదు.
గీతను చూసినా.
కుంచె పని కాదది, ఉలి పని. రాగిరేకు మీద.
సన్నంగా దిగి, కండ ఎత్తుకాడ లావై,
వెంట్రుకవాసిగా తేలిపోయిన గీత.
నీడ కావాల్సిన చోట గళ్లు, గడికొక చుక్క.
చుక్కా, నువ్విక్కడ కూడా ఉన్నావా?
ఆ వంపు మణికట్టు తిప్పితే వచ్చేది కాదు.
చెయ్యి కదలకుండా పెట్టి
రేకునే తిప్పినాడు మహానుభావుడు.

కింద ఇంగ్లీషు మాదిరి అక్షరాలు.
రేకు మీద అన్నీ తిరగేసి చెక్కాలి గదా,
కాగితం మీద సరిగ్గా పడాలంటే.
అన్నీ తిరగేసినాడు.
ఒక్క ఎన్ను మాత్రం మరిచిపోయినాడు.
అద్దంలో ఎన్నులాగా నిలబడి ఉంది
ఎన్ని వందల ఏండ్లుగానో.

ఎవరు కట్టినారో ఆ రేకు ఖరీదు.

నవ్వొచ్చింది. కుప్పయ్య నా చెయ్యి పట్టుకొని
"ఆ గుండులో నక్షత్రాలు ఎన్నో లెక్కబెట్టు" అన్నాడు.
ఏడు లెక్కబెట్టినా.
ఎనిమిదోది కళ్లముందు పగిలింది.
టక్కుమని ఎముక ఇంటికి చేరింది.

పటం అక్కడెందుకుందో అప్పుడు తెలిసింది.
మా తాతల కాలం నుంచి ఆయన అక్కడ నిలబడి
ఒక్కొక్కరి నొప్పిని ఒక్క క్షణం
తన భుజం మీదికి మార్చుకుంటా ఉండాడు,
ఆకాశం పైన ఇంకో బరువు.

నలభై రోజులకు కట్టు విప్పినారు.
మణికట్టు లోపలికి తిరగడం లేదు.
తిరుగుతుందిలే, అన్నాడు కుప్పయ్య, నా కళ్లు చూడకుండా.

ఈ పొద్దు మొదటి బేరం.
చెంబు మీద మునిలక్ష్మి అని కొట్టాలంట.
సున్నా చుట్టేకాడ చెయ్యి మొరాయించింది.
సుత్తి పక్కన పెట్టినా కాసేపు.
మళ్లీ ఉలి నిలబెట్టి
చెంబును తిప్పినా.